తెలుగింటి అల్లుడు పత్తికీ రొయ్యకీ ఏం చేశాడు?

2024 జులై 15న మిల్వాకీలో రిపబ్లికన్ పార్టీ మహాసభ మొదలైన రోజే డొనాల్డ్ ట్రంప్ తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఒహాయో సెనేటర్ జె.డి. వాన్స్‌ను ప్రకటించాడు. మర్నాటి నుంచి మన పత్రికల్లో, టీవీల్లో ఒకటే హోరు: తెలుగింటి అల్లుడు! వాన్స్ భార్య ఉషా చిలుకూరి పూర్వీకులది పశ్చిమగోదావరి జిల్లా వడ్లూరు. ఆయన గెలవాలని ఆ ఊరి గుడిలో పూజలు జరిగాయి. గెలిచాక ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అభినందనలు పంపారు. ఊరి ఆడపడుచు బిడ్డ పెద్ద స్థానానికి వెళ్ళిందని ఊరివాళ్ళు సంబరపడితే తప్పేమీ లేదు. ఉషగారి మీద మాకు ఏ కోపమూ లేదు. ఆమె పుట్టిందీ పెరిగిందీ అమెరికాలోనే, ఏ పదవికీ పోటీ చేయలేదు. చుట్టరికం కబుర్లతో ఊదరగొట్టి, ఆయన ఎవరి మనిషో ఒక్క మాటా చెప్పని వాళ్ళతోనే మా పేచీ.

ఆయన ఎవరి మనిషి? కొండప్రాంతపు పేద కుటుంబం నుంచి వచ్చానని పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాడు. అది నిజమే. కానీ 2022 సెనేట్ ఎన్నికలో ఆయన వెనక కోటిన్నర డాలర్లు పెట్టింది సిలికాన్ వ్యాలీ కుబేరుడు పీటర్ థీల్. వాన్స్ స్థాపించిన నార్యా పెట్టుబడి కంపెనీ ఆకర్‌ట్రేడర్ అనే సంస్థలో డబ్బు పెట్టింది. ఆ సంస్థ వ్యాపారం ఏమిటంటే, సాగుభూమిని వాటాలుగా చేసి నగరాల్లోని మదుపరులకు అమ్మడం. దున్నేవాడు ఒకడు, కంప్యూటర్ ముందు కూర్చుని భూమి కొనేవాడు ఇంకొకడు. కెంటకీలో గాజు షెడ్లలో టమాటా పండించి జనానికి ఉద్యోగాలిస్తామన్న ఆప్‌హార్వెస్ట్ కంపెనీ బోర్డులోనూ వాన్స్ 2021 దాకా ఉన్నాడు. 2023లో ఆ కంపెనీ దివాలా తీసింది. అవతల డెమోక్రాట్లు కూడా నెబ్రాస్కా పల్లెల్లో పెరిగిన టిమ్ వాల్జ్‌ను తెచ్చి కమలా హారిస్ పక్కన నిలబెట్టారు. పల్లె ముఖం రెండు పార్టీలకూ కావాలి. పల్లె గోడు వేరే సంగతి.

ఎప్పుడూ ఇంతేనా అంటే, కాదు. 1940లో రూజ్‌వెల్ట్ పట్టుబట్టి తన జోడీగా తెచ్చుకున్న హెన్రీ వాలెస్ ఏడేళ్ళు వ్యవసాయ మంత్రిగా చేసినవాడు. పంట ఎక్కువైన ఏడు నిల్వ చేసి అప్పు ఇవ్వడం, కరువు ఏడు ఆ నిల్వలు బయటికి తీయడం, ధర నిలబెట్టడం అనే పద్ధతిని చట్టంలోకి ఎక్కించినవాడు. ఆయన హయాంలోనూ దక్షిణాదిన పత్తి విస్తీర్ణం తగ్గించినందుకు వచ్చిన డబ్బు భూస్వాముల జేబుల్లోకి పోయి, కౌలుదార్లు రోడ్డున పడ్డారు. అర్కాన్సాస్‌లో కౌలు రైతులు 1934లో సంఘం పెట్టుకుంది అందుకే. అయినా 1944లో పార్టీ పెద్దలకు ఆ వాలెస్ కూడా మరీ ఎర్రగా కనిపించాడు. ఆయన్ని తప్పించి ట్రూమన్‌ను పెట్టారు. 1945 ఏప్రిల్‌లో రూజ్‌వెల్ట్ పోగానే కుర్చీ ట్రూమన్‌ది అయింది. ఉపాధ్యక్షుడి ఎంపిక ఉత్సవ విగ్రహం ఎంపిక అనుకునేవాళ్ళకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇప్పుడు మన పత్తి రైతు వినాల్సిన మాట. 2025 జులై 1న అమెరికా సెనేట్‌లో ట్రంప్ భారీ బిల్లుకు ఓట్లు 50-50 అయ్యాయి. రాజ్యాంగం ప్రకారం సభాధ్యక్షుడైన ఉపాధ్యక్షుడు నిర్ణాయక ఓటు వేయాలి. వాన్స్ వేశాడు, బిల్లు నెగ్గింది. పేదల ఆహార సాయానికి కోత పెట్టిన ఆ బిల్లులోనే అమెరికా పంటల మద్దతు ధరలు పెరిగాయి. గింజతో ఉన్న పత్తికి పౌండుకు 36.7 సెంట్లున్న ధర 42 సెంట్లయింది. అంటే దాదాపు 14 శాతం పెంపు. ఆ దేశపు పత్తి రైతుకు దన్ను దొరికితే మాకు ఏడుపేమీ లేదు. తన రైతుకు ఖజానా తెరిచిన ఆ ప్రభుత్వం మన రైతు రక్షణలు మాత్రం తీసేయమంటోంది చూశారూ, అది మింగుడుపడదు. 2025 ఏప్రిల్‌లో పిల్లాపాపలతో ఢిల్లీ, జైపూర్, ఆగ్రా తిరిగిన వాన్స్ జైపూర్ సభలో అమెరికా సరుకుకు ఉన్న సుంకేతర ఆటంకాలు తొలగించమని మన గడ్డ మీదే అడిగి వెళ్ళాడు. అత్తారి జిల్లా వైపు మాత్రం రాలేదు.

సుంకాలు మాత్రం వచ్చాయి. ఆగస్టు 7 నుంచి 25 శాతం, 27 నుంచి మరో 25. రష్యా మీద ఒత్తిడి కోసమే భారత్‌పై ఈ అదనపు సుంకమని వాన్స్ టీవీలో సమర్థించుకున్నాడు. రష్యా చమురు కొన్నది భీమవరం రొయ్య రైతా? రొయ్యల సాగులో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. మన రొయ్యకు అతి పెద్ద మార్కెట్ అమెరికా. అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్, కౌంటర్‌వైలింగ్ సుంకాలతో కలిపి 2025 ఆగస్టులో భారం 58 శాతం దాటింది. మనతో పోటీపడే ఈక్వడార్‌కు అప్పుడు 15 శాతమే. ఎగుమతిదారు ఆ తేడాను తన లాభంలోంచి పెట్టుకోడు. కౌంట్‌కు ఇంత అని కోసి చెరువు గట్టు మీదే రైతుకు వడ్డిస్తాడు. మేత ధర తగ్గదు, కరెంటు బిల్లు తగ్గదు, లీజు తగ్గదు. వడ్లూరు ఉన్న జిల్లాలోనే ఈ వాత!

మరి మన ఢిల్లీ ఏం చేసింది? ఆగస్టు 7న స్వామినాథన్ శతజయంతి సభలో ప్రధాని మోడీ రైతుల, పాడి రైతుల, మత్స్యకారుల ప్రయోజనాల విషయంలో రాజీపడేది లేదని, అందుకు తాను మూల్యం చెల్లించడానికైనా సిద్ధమని అన్నారు. సరిగ్గా 12 రోజులకు, ఆగస్టు 19 నుంచి, పత్తిపై ఉన్న 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేశారు. మొదట సెప్టెంబర్ 30 వరకే అన్నారు. పది రోజులు తిరక్కముందే డిసెంబర్ 31 వరకు పొడిగించారు. ఒక్క అమెరికాకే కాదు, అన్ని దేశాలకూ తలుపులు తీశామని సమర్థకులు అన్నారు. ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు, కర్నూలు రైతుకు ఏ దేశపు బేలు వచ్చి తన ధర కొట్టిందన్నది తేడా ఏమిటి? మిల్లులు చౌక పత్తి నింపుకునేది మన పత్తి తీతల కాలంలోనే. 2025-26లో పొడవు పింజకు మద్దతు ధర 8,110 రూపాయలు. అది కావాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో పేరెక్కాలి, స్లాట్ రావాలి, తేమ 12 శాతం దాటకూడదు. వానల్లో తడిసిన పత్తి పట్టుకుని నిలబడ్డ కౌలు రైతుకు దళారీ చెప్పిందే ధర.

అమెరికా రైతు మన శత్రువు కాదు. 2025 సెప్టెంబర్‌లో కొత్త సోయా పంట చేతికొచ్చే వేళకు చైనా ఆర్డర్లు లేక అక్కడి రైతూ తల పట్టుకున్నాడు. తేడా ఒక్కటే. 2018 వాణిజ్య యుద్ధం తర్వాత రెండేళ్ళలో వాళ్ళ ప్రభుత్వం దాదాపు 2,300 కోట్ల డాలర్లు రైతులకు పంచింది. మనకు ప్రసంగం పంచారు.

పత్తిపై 11 శాతం సుంకం ఉండి తీరాలి. సీసీఐ కేంద్రాలు యాప్‌తో పని లేకుండా కౌలు రైతు పత్తి కూడా కొనాలి. రొయ్యకు కౌంట్‌వారీ కనీస ధర ప్రకటించి, తగ్గిన మేరకు తేడా ప్రభుత్వం భరించాలి. అమెరికాతో ఏ ఒప్పందమైనా సంతకానికి ముందు పార్లమెంటులో పెట్టాలి. ప్రతి గ్రామ కమిటీ ఈ నెలలోనే ఈ నాలుగు డిమాండ్లపై సంతకాలు సేకరించి తహసీల్దారుకు ఇవ్వాలి. అల్లుడికి అభినందనలు పంపిన నాయకుల ఇళ్ళకూ ఒక్కో ప్రతి పంపాలి.