గడ్డిలోనూ బలమేనా?

"ఇది లూసర్న్ అండీ, మంచి బలం" అన్నాడు షాపతను. "బలం" అన్న మాటకి పడిపోని తల్లి ఎవరో చెప్పండి! రెండు ప్యాకెట్లు తెచ్చేశాను. మా గినీ పిగ్ బుజ్జమ్మకి అప్పటికే రెండేళ్లు. వయసెంతని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు.

కొన్ని నెలల తర్వాత ఒక పొద్దున దాని పక్కగుడ్డ మీద ఎర్రటి మరక కనిపించింది. మూత్రం పోసేటప్పుడల్లా కీచుమని అరుపు. ఎక్స్‌రే తీస్తే మూత్రసంచిలో శనగబద్దంత రాయి. ఆపరేషన్ అయ్యింది, బతికింది. డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఏ గడ్డి పెడుతున్నారమ్మా?"

లూసర్న్ అన్నా అల్ఫాల్ఫా అన్నా ఒకటే. నిజానికది గడ్డి కాదు, చిక్కుడు కుటుంబపు మొక్క. పాడిపశువులకి బంగారం లాంటి మేత. మామూలు గడ్డి కన్నా అందులో మాంసకృత్తులు ఎక్కువ, కాల్షియం రెండు మూడు రెట్లు. ఆరు నెలల లోపు పిల్లలకీ, చూలుతో ఉన్నవాటికీ, పాలిచ్చేవాటికీ అది సరే. పెద్దవాటికి రోజూ పెడితే ఎక్కువైన కాల్షియం మూత్రంలోంచే బయటికి పోవాలి. అక్కడే సున్నంలా పేరుకుని రాయవుతుంది. అన్నిటికీ అలా అవుతుందని కాదు, కానీ కోరి తెచ్చుకోవడం ఎందుకు? బాలింతకి పెట్టే తిండి మూడు పూటలా మావగారికి వడ్డిస్తామా?

పెద్ద గినీ పిగ్‌కి కావలసింది బలం కాదు, పీచు. దాని పళ్లు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి. పొడుగాటి పోచల్ని దవడ అటూ ఇటూ ఆడిస్తూ గంటలకొద్దీ నమిలితేనే అరుగుతాయి. పేగులు కదలాలన్నా ఆ పీచే దిక్కు. ప్యాకెట్లలో అమ్మే రంగురంగుల గింజలు ఆ పని చేయలేవు. అందుకే తిమోతి, ఆర్చర్డ్ గడ్డి లాంటివి రోజంతా ముందు ఉండాలి. సి విటమిన్ కోసం రోజూ ఒక క్యాప్సికం ముక్క వేరే.

తిమోతి చలిదేశాల గడ్డి, ఇక్కడ దాని ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. "గడ్డికి అంత డబ్బా? ఊళ్లో మన గడ్డివాము ఉందిగా!" అన్నారు మా అత్తగారు. వరిగడ్డిలో పీచుంది గానీ పోషణ లేదు, దాన్ని నమ్ముకుంటే జీవి చిక్కిపోతుంది. వేరుశనగ కట్ట పెడదామా అంటే అదీ లూసర్న్ కుటుంబమే.

మరి గరికో? వినాయకచవితికి కోసుకొచ్చే ఆ గరికే! ఎండబెడితే అది పెద్ద గినీ పిగ్‌లకి చక్కటి మేత. మందు కొట్టని, కుక్కలు తిరగని చోట కోసి, కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. పచ్చదనం ఉండాలి, కమ్మటి వాసన రావాలి. ముక్క వాసన వచ్చినా, దులిపితే దుమ్ము లేచినా పారేయండి. పార్కులో మెషీన్ కోసిన గడ్డి మాత్రం తేకండి, నలిగి గంటల్లో పులిసిపోతుంది. ఇప్పుడు నేను సగం తిమోతి, సగం గరిక కలిపి పెడుతున్నాను.

నా కోపం షాపులవాళ్ల మీదే కాదు. ఏ వయసు దానికో ప్యాకెట్ మీద పెద్దక్షరాలతో రాయాల్సింది వాళ్లే, ఒప్పుకుంటాను. కానీ ముద్దు చేయడమంటే నెయ్యి దట్టించడమే అనుకునే అలవాటు మనది. పిల్లలు మారాం చేసి తెచ్చుకుంటారు, వారం ఆడుకుంటారు, తర్వాత మేపేది మనమే. ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతికే జీవి అది. ఆ మేపేదేదో తెలుసుకుని మేపితే ఏం పోయింది?

బుజ్జమ్మ ఇప్పుడు గరికపోచ నోట్లో పెట్టుకుని, తమలపాకు నమిలే పెద్దావిడలా తీరిగ్గా నములుతోంది. అత్తగారు పక్కనే కూర్చుని, "దానికి కాస్త బలమైనదేదైనా పెట్టవే" అంటున్నారు.