బొటనవేలి శస్త్రచికిత్సకు ముందు

ఆదిలాబాద్ నుండి ఒక సోదరి మాకు లేఖ వ్రాశారు. కరీంనగర్‌లో ఉంటున్న ఆమె తల్లిగారికి కుడికాలి బొటనవేలు ఏళ్ల తరబడి రెండవ వేలి వైపు ఒరిగిపోతూ వచ్చిందట. వేలి మొదట్లో ఎముక బయటికి పొడుచుకువచ్చి, చెప్పు తగిలినప్పుడల్లా బాధిస్తున్నదట. వైద్యులు శస్త్రచికిత్స సూచించారు. "అమ్మీ హజ్‌కు వెళ్లాలనుకుంటున్నారు. ఆపరేషన్ చేయిస్తే నొప్పి పూర్తిగా పోతుందా? నమాజులో మునుపటిలా కూర్చోగలరా?" అని ఆ సోదరి అడిగారు. ఇటువంటి ఇబ్బంది చాలా ఇళ్లలో ఉన్నది కనుక సమాధానాన్ని అందరి కోసం ఇక్కడే వ్రాస్తున్నాము.

వైద్యులు దీనిని 'బనియన్' అంటారు. మన ఇళ్లలో ఆ మాటకు వేరే అర్థం ఉన్నందున బొటనవేలి వంకర అనే చెప్పుకుందాం. ఇది పురుషులలో కంటే స్త్రీలలో ఎక్కువ. వంశపారంపర్యంగానూ వస్తుంది. మొన ఇరుకైన పాదరక్షలు దీనిని పెంచుతాయి. 1958లో ప్రచురితమైన హాంకాంగ్ పరిశీలనలో బూట్లు ధరించేవారిలో నూటికి 33 మందికి ఈ వంకర కనిపించగా, చెప్పులు లేకుండా తిరిగేవారిలో ఇద్దరికి మించి కనిపించలేదు.

పొడుచుకువచ్చిన ఎముకను చెక్కివేయడమే ఈ శస్త్రచికిత్స అని చాలామంది భావిస్తారు. కాని సాధారణంగా బొటనవేలి వెనుకనున్న పొడవాటి ఎముకను కోసి, సరైన దిశకు జరిపి, చిన్న స్క్రూలతో బిగిస్తారు. అంటే ఇది విరిగిన ఎముక అతుక్కోవడం వంటిదే. ఎముక అతకడానికి ఆరు వారాలకు తక్కువ కాకుండా పడుతుంది. అంతకాలం గట్టి అడుగు ఉన్న ప్రత్యేకమైన చెప్పుతో, వైద్యులు చెప్పిన మేరకే నడవాలి. వాపు పూర్తిగా తగ్గడానికి ఆరు నెలలు, కొందరికి ఏడాది కూడా పట్టవచ్చు.

ఫలితం ఎలా ఉంటుంది? ఫిన్లాండ్‌లో 209 మందిపై జరిగి 2001లో వెలువడిన అధ్యయనంలో, ఏడాది తరువాత శస్త్రచికిత్స చేయించుకున్నవారి నొప్పి మిగిలినవారికంటే తగ్గింది. అయితే 2018లో 229 అధ్యయనాలలోని పదహారు వేలకు పైగా శస్త్రచికిత్సలను కలిపి చూసినప్పుడు, నూటికి పదిమందికి పైగా ఫలితంపై అసంతృప్తి చెందారు. నూటికి దాదాపు ఐదుగురికి వంకర తిరిగి వచ్చింది. ఇవి కాక గాయంలో చీము, వేలి పక్కన తిమ్మిరి, ఎముక ఆలస్యంగా అతకడం, భారం పక్క వేళ్ల కిందికి మారి అరికాలు నొప్పి పెట్టడం, స్క్రూ గుచ్చుకోవడం, పిక్కలో రక్తం గడ్డకట్టడం వంటివి కొందరికి కలుగుతాయి.

నమాజుకు సంబంధించినది కీలు బిగుసుకుపోవడం. సజ్దాలో వేళ్లు ఆనించడానికీ, సజ్దా నుండి లేవడానికీ బొటనవేలి కీలు పైకి వంగాలి. శస్త్రచికిత్స తరువాత కొందరికి ఆ వంపు మునుపటికంటే తగ్గుతుంది. కీలును కలిపివేసే పద్ధతిలోనైతే అక్కడ వంపు ఇక ఉండదు. కాబట్టి "నేను రోజుకు ఐదుపూటలా సజ్దా చేయాలి, నాకు చేసే పద్ధతిలో వేలు ఎంత వంగుతుంది?" అని వైద్యులను ముందే అడగడం అవసరం. కోలుకునే రోజులలో కుర్చీపై కూర్చుని నమాజు చేసే వెసులుబాటు మన ధర్మంలో ఉన్నది. కట్టు తడపరాదన్నప్పుడు దానిపై మసహ్ చేసే విధానాన్ని మీ ఊరి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి.

ఇక హజ్ విషయం. సఫా, మర్వాల మధ్య ఏడుసార్ల నడక ఒక్కటే మూడు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. తవాఫ్, మినా నడకలు వేరు. ప్రయాణం ఆరు నెలల లోపే ఉంటే, ఇప్పుడు శస్త్రచికిత్స వద్దని మా సలహా. ముందుభాగం వెడల్పైన, మెత్తని చెప్పులతో హజ్ పూర్తిచేసి, తిరిగివచ్చాక ఆలోచించవచ్చు. ప్రయాణానికి ఏడాది ఉన్నప్పటికీ చివరి మాట శస్త్రవైద్యులదే.

నొప్పి లేక, చూపుకు మాత్రమే వంకరగా ఉన్న వేలికి కోత అవసరం లేదు. చెప్పులు మార్చినా నొప్పి తగ్గక, నడక కష్టమైనవారికే ఇది తగినది. మధుమేహం ఉన్నవారు పాదంలో రక్తప్రసరణనూ, స్పర్శనూ పరీక్షింపజేసుకున్న తరువాతే నిర్ణయించుకోవాలి. కట్లకూ, ఎక్స్‌రేలకూ పలుమార్లు వెళ్లాలి కనుక రాకపోకలకు వీలైన ఆసుపత్రినే ఎంచుకోండి. ఆదిలాబాద్ రిమ్స్‌లోనో, కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలోనో ఎముకల వైద్యుల వద్ద రెండవ అభిప్రాయం తీసుకోవడం మంచిది. ఇంటికి వచ్చాక జ్వరం, చీము, పిక్కలో నొప్పి, వాపు కనిపిస్తే తెల్లవారేవరకు ఆగకండి.

సోదరీ, ఆరు వారాలపాటు వంట, నీళ్లు, ఇంటి పనులు అమ్మీ చేతిలో పెట్టకుండా చూసుకోగలమా అన్నది మీరంతా కూర్చుని ముందే మాట్లాడుకోండి. కుట్లు విప్పగానే పనిలోకి దిగిన పాదం మళ్లీ చెడిపోయే ప్రమాదం ఉన్నది. ఆ తల్లికి అల్లాహ్ స్వస్థతనూ, హజ్ భాగ్యాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.