చెట్టుతోపాటు వచ్చేది

విల్లా గేటు పక్కన వందల ఏళ్లనాటి ఆలివ్ చెట్టు ఉండటం ఇప్పుడు హోదా. మెలికలు తిరిగిన మాను, దాని నిండా తొర్రలు. ఎంత ముసలిదైతే అంత రేటు. క్రేనుతో దింపి, గొయ్యిలో నిలబెట్టి, చుట్టూ లైట్లు పెడతారు. తొర్రలో ఏముందో తొంగి చూసేవాళ్లే తక్కువ. చూడకపోతే ఏమవుతుందో స్పెయిన్‌కు చెందిన ఇబిజా దీవి ఇరవై ఏళ్లకు పైగా అనుభవిస్తోంది.

మధ్యధరా సముద్రంలోని ఆ దీవిలో అంతకుముందు పాములే లేవు. పర్యాటకుల డబ్బు చేరాక హోటళ్లకూ బంగళాలకూ ముసలి ఆలివ్‌లు కావాల్సి వచ్చాయి. స్పెయిన్ ప్రధాన భూభాగంలో వేళ్లతో పెకలించి ఓడల్లో తెచ్చారు. తొర్రల్లో ముడుచుకుని చలికాలం గడిపే పాములూ వాటితోపాటే దిగాయి. 2003లో తొలిసారి కంటబడ్డాయి. వచ్చినవాటిలో బాగా పాతుకుపోయింది, తలమీద గుర్రపునాడా గుర్తుండే పాము. దానికి మనిషిని చంపే విషం లేదు. అదే కొంప ముంచిందని నా అనుమానం. జనం హడలెత్తని పాము గురించి ఏ సర్కారూ తొందరపడదు.

దాని నోటబడింది ఇబిజా గోడబల్లి. ఈ బల్లి పుట్టిల్లు ఆ దీవీ, దాని చుట్టుపక్కల దీవులూ మాత్రమే. ఒక్కో చిన్న దీవిలో ఒక్కో రంగు: ఒకచోట ఆకుపచ్చ, మరోచోట నీలం, ఇంకోచోట గోధుమ. వేల ఏళ్లుగా పాము పొడ లేకుండా బతికిన ప్రాణి. పాముల పొట్టల్లో ఏముందో పరిశోధకులు చూస్తే, ఆహారంలో 56 శాతం ఈ బల్లులే. 2018 నాటికి దాదాపు సగం దీవిలో బల్లి జాడ లేదు. దుకాణాల్లో అమ్మే టీషర్టుల మీద మాత్రం నిక్షేపంగా ఉంది! పాములు సముద్రం ఈది పక్క దీవులకూ చేరుతున్నాయి. ఓ అరలో బతికున్న ఎలుకను ఎరగా పెట్టిన బోన్లతో ఏటా పట్టుకుంటూనే ఉన్నారు. ఆ ఎలుకకు మేత, నీళ్లు చూడటానికీ మనుషులు కావాలి.

ఇదంతా ఎక్కడివాళ్ల గొడవో అనుకోనక్కర్లేదు. ప్రపంచంలో అన్నిటికంటే విస్తారంగా పాకిన నేలపాము మన విశాఖపట్నం చిరునామాతోనే శాస్త్రగ్రంథాలకెక్కింది. ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసిన వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చువేసిన కోరమాండల్ తీరపు పాముల పుస్తకంలో దీని బొమ్మ వేయించి, ఇక్కడివాళ్లు చెప్పిన ‘రెండు తలల పాము’ అన్న పేరే రాసుకున్నాడు. కుండీలో మట్టి మార్చేటప్పుడు నల్లదారంలా జారిపోయే గుడ్డిపాము అదే. వానపాము అనుకుంటాం. కాస్త ఆగి చూస్తే ఒంటిమీద వానపాముకుండే కణుపులు కనబడవు. నూనె రాసినట్టు మెరుస్తుంది, ఉండుండి వెంట్రుకంత నాలుక బయటపెడుతుంది. చీమల గుడ్లు, చెదపురుగులు తిని బతుకుతుంది. దీంట్లో అన్నీ ఆడవే, మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి. ఒక్క కుండీలో ఒక్కటి వెళ్తే చాలు. అలాగే ఫ్లోరిడా, మెక్సికో, హవాయి దాకా వెళ్లిపోయింది. హవాయిలో స్థిరపడ్డ నేలపాము ఇదొక్కటే.

ఇప్పుడు సరుకు అటునుంచి ఇటు వస్తోంది. స్పెయిన్ నుంచి పెద్ద పెద్ద చెట్లు కడియం నర్సరీల్లో దిగుతున్నాయి. నర్సరీ రైతులను తప్పుపట్టను. గిరాకీ ఉన్నదే తెస్తారు. మనకు పాములు కొత్తా, ముంగిసలూ నెమళ్లూ లేవా అనేవాళ్లు ఉంటారు. నిజమే, ఇబిజాకు లేని కాపలా మనకుంది. కానీ తొర్రలో పామే రావాలని ఏముంది? చీమ రావచ్చు, నత్త రావచ్చు. ఆఫ్రికా నత్త పొలాల్లో ఏం చేస్తోందో రైతును అడగండి. దిగుమతి మొక్కల క్వారంటైన్‌కు 2003 నాటి ఉత్తర్వు ఉంది. దాని చూపు ప్రధానంగా పురుగుల మీద, తెగుళ్ల మీద. నారుకూ విత్తనానికీ చేసే తనిఖీ, చెయ్యి మొత్తం దూరేంత తొర్ర ఉన్న మానుకు చాలదు.

దిగిన చెట్టును వెంటనే అమ్మనివ్వకూడదు. పాకలేని నున్నటి రేకుల ప్రహరీ కట్టి, ఒక ఎండాకాలం దాటేదాకా లోపలే ఉంచాలి. నిద్రలేచే పామైనా, పగిలే గుడ్డయినా అక్కడే బయటపడతాయి. ఆ ఖర్చు చెట్టు ధరలో కలపాలి. లక్షలు పోసి కొనేవాళ్లకు అదొక లెక్క కాదు. ఇబిజాలో బోన్లకూ ఎలుకలకూ అయ్యే ఖర్చు, ఏనాడూ ఆలివ్ చెట్టు కొననివాళ్ల పన్నుల్లోంచి పోతోంది.