గంజాయి కేసులో తూకం ఎవరి మీద పడుతోంది?

మా సోమందేపల్లె దిక్కున గంజాయి పండదు. శెనక్కాయే సరిగ్గా పండని నేల. మరి ఎక్కడో అల్లూరి సీతారామరాజు జిల్లాలో పెట్టే గంజాయి కేసుల గోల ఇక్కడి ఎరుకల పిల్లోడికి ఎందుకని మీరు అడగొచ్చు. పోయిన దసరాకి బెంగళూరు నుంచి వస్తుంటే బస్సు ఆపి తనిఖీ చేశారు. అందరినీ ఊరు అడిగారు. నన్ను కులం కూడా అడిగారు. తర్వాత కిందికి దించింది నా బ్యాగొక్కటే. దాంట్లో రెండు జతల బట్టలు, అరకిలో మైసూర్‌పాకు. వదిలేశారు. ఆ రాత్రే ఈ చట్టం చదవడం మొదలుపెట్టినా.

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో శిక్షంతా తూకం లెక్క. కిలో లోపు గంజాయి అయితే ఎక్కువలో ఎక్కువ ఏడాది. 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్లు, 20 ఏళ్ల దాకా వేయొచ్చు, పైన లక్షకు తగ్గకుండా జరిమానా. బెయిల్ కావాలంటే 37వ సెక్షన్ అడ్డం. ఇతను నేరం చేయలేదని నమ్మే కారణాలున్నాయని, బయటికొస్తే మళ్లీ చేయడని, విచారణ పూర్తికాకముందే జడ్జికి నమ్మకం కలగాలి.

ఇప్పుడు మన్యం చూడండి. పెట్టుబడి పెట్టేవాడు, కొనేవాడు, లాభం తీసుకునేవాడు కొండ ఎక్కడు. ఎక్కేది, మోసేది కూలికి పోయిన ఆదివాసీ. మూట ఎవరి భుజం మీద ఉంటే కిలోలన్నీ వాళ్ల పేరు మీదే. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ పట్టిన కొసలు. కొసలు లేకుండా ఉత్త ఆకులు, గింజలే ఉంటే అది గంజాయి కాదు. మొక్కంతా కాడలతో సహా కాటా మీద పెడితే 20 కిలోలు దాటడం ఎంతసేపు? ఈ పాయింటు మీద హైకోర్టుల్లో బెయిల్ వచ్చిన కేసులున్నాయి. కానీ దాన్ని పట్టుకుని వాదించే వకీలు ఉండాలి కదా.

అమెరికాలో 1986లో ఒక చట్టం తెచ్చారు. క్రాక్ కొకైన్ 5 గ్రాములకు, పొడి కొకైన్ 500 గ్రాములకు ఒకటే శిక్ష. క్రాక్ కేసుల్లో జైలుకు పోయింది ఎక్కువగా నల్లజాతి వాళ్లు. ఆ తేడాను 2010లో తగ్గించారు, పూర్తిగా తీయలేదు. ఆ చట్టంలో నల్లవాళ్లు అనే మాట ఎక్కడా లేదు. మన చట్టంలో ఆదివాసీ అనే మాటా లేదు.

మా తాతలకైతే అంత మర్యాద కూడా లేదు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకలోళ్లు పుట్టుకతోనే నేరస్తులు, స్టువర్టుపురం సెటిల్‌మెంట్‌లో హాజరు వేయించుకోవాలి. ఆ చట్టం 1952లో పోయింది. విముక్త జాతుల వాళ్లకు అలవాటు నేరస్తులని ముద్ర వేయకూడదని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో చెప్పింది. బస్సులో నన్ను కులం అడిగింది ఆ తీర్పు తర్వాతే.

గంజాయి మంచిదని నేననడం లేదు. మా కాలనీలోనే పిల్లోళ్లు దానికి పడి పాడైపోతుంటే చూస్తున్నా. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. మంచిదే. అంత సరుకుకి డబ్బు పెట్టింది పోడు రైతులా? ఆ డబ్బు వెంట ఎంత దూరం పోయారు అన్నదే నా ప్రశ్న.

ఈలోగా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు ఇవ్వాలని 1987 చట్టం 12వ సెక్షన్ చెప్తోంది. మీ వాళ్లని తీసుకుపోతే మొదటిరోజే 15100కి ఫోన్ చేయండి. బెయిల్ వచ్చినా జామీను ఇచ్చేవాళ్లు లేక లోపలే ఉండిపోతారు. అందుకే పాస్‌బుక్కు ఉండి, జామీనుకి ఒప్పుకునే మనోళ్ల పేర్లు మేం రాసిపెట్టుకుంటున్నాం. ఇప్పటికి ఏడుగురు అయ్యారు. మీ మండలంలో ఎంతమంది దొరుకుతారో అడిగి చూడండి.