రాతి మీద చోటు లేదట!

మొన్నామధ్య కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్ళో గ్రామమందిరం వార్షికోత్సవానికి నన్ను పిలిచారు. ఊరి పేరు చెప్పను. వచ్చే ఏడు పిలవరని భయపడి కాదు, ఏ ఊరు చూసినా ఇదే కథ గనుక! తాడేపల్లిగూడెంలో రైలెక్కి, ఏలూరులో దిగి, కైకలూరు బస్సు పట్టుకుని, దారి పొడుగునా గూడబాతుల్ని చూసుకుంటూ వెళ్ళాను.

హాలు గుమ్మం పక్కనే పెద్ద నల్లరాతి పలక. స్థలదాత, ఇటికల దాత, ఫాన్ల దాత... ఆఖరికి గోడ గడియారం దాత కూడా ఉన్నారు. గడియారం మాత్రం ఆగిపోయి ఉంది.

లోపల ఒక పెద్దావిడ చాపలు పరుస్తోంది.

"ఎన్నాళ్ళనించి చేస్తున్నారు పిన్నిగారూ?"

"కాపరానికొచ్చిన కాణ్ణించీనమ్మా. మా అత్త ఊడ్చేది, ఇప్పుడు నేను."

"ఏమైనా ఇస్తారా?"

"ఇచ్చేదేవిఁటమ్మా, మన హాలేగా!"

బుడమేరు పొంగి కొల్లేరు ఊళ్ళమీదికి వచ్చినప్పుడల్లా జనం తలదాచుకునేది ఈ హాల్లోనేనట. 2024 సెప్టెంబరులోనూ అంతే. వాళ్ళందరికీ అన్నం వండి పెట్టింది ఈవిడా, ఈవిడ ఈడువాళ్ళూ.

"మరి వీళ్ళ పేర్లు రాతి మీద లేవేమండీ?" అన్నాను కార్యదర్శిగారితో.

"వాళ్ళది సేవ కదండీ, సేవకి పేరెందుకు? అయినా రాతి మీద చోటు లేదు" అన్నారాయన.

బావుంది! డబ్బిస్తే దానం, దానికి శిలాక్షరాలు. ఒళ్ళు వంచితే సేవ, దానికో నమస్కారం!

ఇది ఈ ఒక్క ఊరి జబ్బు కాదు లెండి. 1914లో బెజవాడలో గ్రంథాలయాలవారంతా మహాసభ జరుపుకున్నారు. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ ఉద్యమానికి ఊపిరి పోశారు. 1935లో పాతూరి నాగభూషణంగారి పూనికతో పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువ మీద పుస్తకాల పడవ నడిచింది. ఆ మహానుభావులకు చేతులెత్తి మొక్కుతాను. కాని ఆ పడవ నడిపిన చేతులెవరివి? 1923 కాకినాడ కాంగ్రెసులో టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ఆపేసిన వాలంటీరు పిల్ల మనకు గుర్తుంది. ఎందుకంటే, ఆ పిల్ల తరవాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయింది. కాకుండా ఇంటిపట్టునే ఉండిపోయిన వాలంటీరు పిల్లల మాటేమిటి?

"అడగనివాళ్ళ తరఫున మీకెందుకండీ తంటా?" అంటారు కొందరు. నా బాధ ఉత్త పేరు కోసం కాదు. పేరు లేనివాళ్ళకి మాటా ఉండదు. ఆ హాల్లో పుస్తకాల బీరువా ఉన్న గదిని ఖాళీ చేసి, పెళ్ళిళ్ళ సామాను పెట్టుకోడానికి అద్దెకిస్తారట. కమిటీలో పదకొండుమంది. ఒక్క ఆడమనిషీ లేదు. తాళంచెవి మాత్రం పిన్నిగారి కొంగున ఉంది! బీరువా తీసేస్తున్నారన్న సంగతి ఆవిడకి నేను చెబితేనే తెలిసింది.

"మరి మా మనవరాలు రోజూ అక్కడే చదువుకుంటందే!" అంది. ఆ మాట కమిటీలో అనడానికి ఆవిడకి కుర్చీ ఏదీ?

కార్యదర్శిగారూ! ముందు కమిటీలో రెండు కుర్చీలు వేయించండి. తరవాత రాతి సంగతి చూద్దాం. చోటు లేదంటారా? అధ్యక్షులవారి పేరుకి ముందున్న బిరుదులు నాలుగు చెక్కేయించండి. బోలెడు చోటొస్తుంది.