పరీక్ష కాగితంపై.. ప్రాణం మంచంపై
నర్సింగ్ విద్యార్థుల నైపుణ్యాన్ని కొలిచే తీరు మారాలి

బాసర: అక్షరాభ్యాసాలకు పేరెన్నికగన్న ఈ క్షేత్రంలో చదువు పలకపై మొదలవుతుంది. నర్సింగ్ విద్య మాత్రం రోగి మంచం పక్కనే పూర్తవుతుంది. అది ఎంతవరకు వంటబట్టిందో తేల్చే పరీక్షలు నేటికీ అధికభాగం కాగితంపైనే సాగుతున్నాయి.

2022 జులైలో బాసర ట్రిపుల్ ఐటీలో భోజనానంతరం పెద్దసంఖ్యలో విద్యార్థులు అస్వస్థతకు గురయ్యారు. కొందరిని నిజామాబాద్ తరలించాల్సి వచ్చింది. ఇటువంటి వేళ అందరికీ వాంతులే అయినా ప్రమాదం అందరికీ సమానం కాదు. నాడి వేగం, నాలుక తడి, మూత్రం వచ్చి ఎంతసేపయిందన్న విషయం, పిలిస్తే పలికే తీరు.. వీటిని గమనించి ముందుగా ఎవరిని వైద్యుని వద్దకు చేర్చాలో గుర్తించవలసింది నర్సే.

ఎంపికలో 80 మార్కులు

రాష్ట్రంలో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు 2022 డిసెంబరులో ప్రకటన వెలువడగా, 2023 ఆగస్టు 2న రాతపరీక్ష జరిగింది. బహుళైచ్ఛిక ప్రశ్నలకు 80 మార్కులు, ప్రభుత్వాసుపత్రుల్లో ఒప్పంద తదితర పద్ధతుల్లో చేసిన సేవకు గరిష్ఠంగా 20 మార్కులు కేటాయించారు. వేలాది అభ్యర్థులను పక్షపాతం లేకుండా వడపోయడానికి ఈ విధానం అనువైనదే. అయితే అది కొలిచేది జ్ఞాపకశక్తిని, విషయ పరిజ్ఞానాన్ని మాత్రమే.

పెద్దవారిలో శ్వాస నిమిషానికి 12 నుంచి 20 సార్లని ఎవరైనా గుర్తు పెట్టగలరు. నాడి చూస్తున్నట్లే ఉండి, రోగికి తెలియకుండా నిండు నిమిషం ఛాతీ కదలికను లెక్కించారా లేదా అన్నది ఎదుట నిలబడి చూస్తేనే తెలుస్తుంది. లెక్కించకుండానే అందరికీ ఒకే అంకె వేయడం అనేక దేశాల ఆసుపత్రుల్లో పరిశోధకులు గుర్తించిన లోపమే. స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కేలు 1974 నుంచి వాడుకలో ఉంది. దాని పరిధి 3 నుంచి 15 అని చెప్పడం సులువు. గంట క్రితం 14 ఉన్నది 12కు తగ్గితే తక్షణం వైద్యునికి తెలపాలన్న వివేచనే ప్రాణం నిలుపుతుంది.

మార్గం లేకపోలేదు

స్కాట్లాండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ బృందం 1975లో ప్రకటించిన ‘ఆస్కీ’ పద్ధతి ఈ లోటును తీరుస్తుంది. విద్యార్థి వరుసగా కొన్ని బల్లల వద్దకు వెళ్లి, నిర్ణీత సమయంలో ఒకచోట రక్తపోటు చూడాలి. మరోచోట గాయానికి కట్టు కట్టాలి. ఇంకోచోట రోగిని ప్రశ్నించాలి. పరీక్షకులు ముందే సిద్ధం చేసిన పట్టిక ప్రకారం మార్కులు వేస్తారు. భారత నర్సింగ్ మండలి 2021లో సవరించిన బీఎస్సీ పాఠ్యప్రణాళికలోనూ దీనికి చోటు దక్కింది. ఇది సక్రమంగా జరగాలంటే తగినంత మంది పరీక్షకులు, బొమ్మలు, పరికరాలు ఉండాలి. అవి లేనిచోట ప్రయోగపరీక్ష సైతం మౌఖిక ప్రశ్నలతో ముగిసే ప్రమాదముంది.

భాష మరో కీలకాంశం. పాఠ్యపుస్తకాలు ఆంగ్లంలో ఉంటే, ఇక్కడి రోగి ‘దమ్మొస్తుంది’ అంటాడు. సరిహద్దు గ్రామాలవారు మరాఠీలో, ఏజెన్సీవారు గోండిలో బాధ చెప్పుకుంటారు. ఆ మాటను అర్థం చేసుకుని తిరిగి ప్రశ్నించగలరా అన్నది సైతం పరీక్షలో భాగం కావాలి.

నిర్మల్‌లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. 2015 తరువాత గోదావరి పుష్కరాల వంతు 2027ది. పడకలు, భవనాలు, యాత్రికుల రద్దీ పెరిగిన కొద్దీ మొదట చేయిపట్టి నాడి చూసే వ్యక్తి నైపుణ్యంపైనే భారం పడుతుంది. ఆ నైపుణ్యాన్ని కొలవవలసిన చోటు రోగి మంచం పక్కనే.