మంచాన పడ్డ రోజులకి కూలి ఎవరిస్తారు?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

పోయిన ఏడాది మా మావయ్య మిరియాలు కోస్తూ సిల్వర్ ఓక్ చెట్టు మీద నుంచి పడ్డాడు. పాడేరు పక్క ఊళ్లు తెలిసినవాళ్లకి ఇది కొత్త సంగతేమీ కాదు. తొడ ఎముక విరిగింది. డోలీలో రోడ్డు దాకా, అక్కడి నుంచి విశాఖ. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయిపోయింది (పేరు మారింది గానీ మనోళ్లు ఇంకా అలాగే అంటారు). ఒక్క రూపాయి కట్టలేదు. పోన్లే, గట్టెక్కాం అనుకున్నాం.

అసలు ఖర్చు ఇంటికొచ్చాక మొదలైంది. అయిదు నెలలు మంచం మీదే. కూలికెళితే రోజుకి 400, నెలకి ఓ 20 రోజులు పని దొరికేది. అంటే 40,000 పోయినట్టే. ఆయన్ని చూసుకోడానికి అత్త ఇంట్లోనే ఉండిపోయింది, ఆమె కూలీ పోయింది. చెకప్‌కి వెళ్లిన ప్రతిసారీ ఆటో, బస్సు, తోడు వచ్చినవాడి భోజనం. చివరికి సంతలో షావుకారు దగ్గర 30,000 తెచ్చారు. వచ్చే ఏడు కాఫీ ఆయనకే పోయాలి, రేటు ఆయన చెప్పిందే. (ఏజెన్సీలో వడ్డీ వ్యాపారానికి ముకుతాడు వేస్తూ 1960లోనే రెగ్యులేషన్ వచ్చింది. అది కాగితం మీద బాగానే ఉంది.) మరదలు డిగ్రీ రెండో సంవత్సరం మధ్యలో మానేసి విశాఖలో బట్టల షాపులో చేరింది. మానెయ్యమని ఇంట్లో ఎవరూ అనలేదు. తనే మానేసింది.

ప్రభుత్వ లెక్కలో మా మావయ్య ఉచిత వైద్యం అందిన మనిషి. ఆ పిల్ల చదువు ఏ లెక్కలోనూ లేదు.

మన ఇళ్లకి వచ్చే పథకాలు ఒక్కసారి చూడండి. కొన్ని ఆసుపత్రి బిల్లు కడతాయి, కొన్ని మనిషి పోయాక డబ్బులిస్తాయి. ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి బీమా చావుకే. తెలంగాణలో రైతు బీమా 5 లక్షలూ చావుకే. 20 రూపాయల సురక్షా బీమా ప్రమాదంలో చనిపోయినా, రెండు కళ్లో రెండు కాళ్లో శాశ్వతంగా పోయినా 2 లక్షలు, ఒక కన్నో ఒక కాలో పోతే లక్ష ఇస్తుంది. విరిగి మళ్లీ అతుక్కునే ఎముకకి సున్నా. మనిషి బతికే ఉన్నాడు, కానీ పనికి పోలేడు. మన కుటుంబాలు అప్పులో పడేది సరిగ్గా ఈ మధ్య రోజుల్లోనే.

ఈ సంగతి ప్రభుత్వాలకి తెలియదని కాదు. 2019 డిసెంబరులో ఆంధ్రాలో ఆరోగ్య ఆసరా అని పెట్టారు. ఆపరేషన్ అయ్యాక ఇంట్లో కోలుకునే రోజులకి రోజుకి 225, నెలకి 5,000 దాటకుండా. ఏ పార్టీ పెట్టిందన్న గొడవ నాకొద్దు. ఆ ఆలోచన మాత్రం సరైనది. అలాంటిది పార్టీ దయగా కాకుండా హక్కుగా ఉండాలని మన సంఘాలు అడగాలి. హాస్టల్ మెస్ చార్జీల కోసం ధర్నా చేశాం, దీనికోసం ఎందుకు చెయ్యలేం?

ఇక కంపెనీ పనులకి విశాఖ, హైదరాబాద్ వెళ్లిన మనవాళ్ల సంగతి. మీ చేతికి అందేది ఒకటుంది, ఈఎస్ఐ. 10 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట, జీతం 21,000 లోపు ఉంటే ఇది వర్తిస్తుంది. జీతంలో మన వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 15,000 జీతానికి మనకి తెగేది 112 రూపాయల చిల్లర. దానికి జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. ఇందుకు ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. పనిలో దెబ్బ తగిలితే తగ్గేదాకా 90 శాతం, దానికి ఆ 78 రోజుల షరతు కూడా లేదు. టీబీ లాంటి దీర్ఘ జబ్బులకి, సర్వీసు షరతులు సరిపోతే, 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా వస్తుంది. టీబీ మన ఊళ్లకి ఎంత దగ్గరి చుట్టమో చెప్పక్కర్లేదు.

కానీ మనోళ్లు ఎక్కువమంది కాంట్రాక్టర్ కింద చేస్తారు. "ఈఎస్ఐ కట్ చేస్తున్నాం" అంటాడు, నంబరు మాత్రం ఇవ్వడు. నా రూమ్మేట్‌కి జ్వరం ముదిరినప్పుడు గానీ తెలియలేదు, ఆరు నెలల నుంచి కోస్తున్న డబ్బు ఎక్కడా కట్టలేదని. చేరిన నెలలోనే నంబరు అడగండి. సిగ్గుపడకండి, అది మీ డబ్బు.

ఊళ్లో పెద్దోళ్లు అంటారు, "మనకి బీమా ఎందుకురా, ఊరుంది కదా" అని. నిజమే. మావయ్య పొలం దున్నింది ఊరోళ్లే. ఆ సాయానికి నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ ఊరు నాగలి పట్టగలదు, కాలేజీ ఫీజు కట్టలేదు. నలభై ఇళ్లు నెలకి 50 వేసుకుని నిధి పెట్టుకుంటే ఏడాదికి 24,000. మంచాన పడ్డవాళ్లకి రోజుకి 200 చొప్పున నెల రోజులు ఇస్తే నలుగురితో అయిపోతుంది. వానాకాలం మలేరియా వచ్చి ఇంటికొకరు పడితే ఆ వారంలోనే ఖాళీ. అందుకే ఒక ఊరి నిధి చాలదు. వందల ఊళ్లు, వేరే వేరే పనులు చేసేవాళ్లు కలిసిన నిధి కావాలి. బీమా అంటే అదే కదా.

సొంతంగా కొనేవాళ్లకి ఒక మాట. సరళ్ సురక్షా బీమా అని అన్ని కంపెనీల్లో ఒకే రకం షరతులతో ఉండే ప్రమాద పాలసీ ఉంది. అందులో తాత్కాలికంగా పనికి దూరమైతే వారానికి బీమా మొత్తంలో 0.2 శాతం ఇచ్చే భాగం ఉంటుంది. 5 లక్షలకి వారానికి 1,000. కానీ అది ఐచ్ఛికం, విడిగా అడిగి కలిపించుకోవాలి. జబ్బుకి పనికిరాదు, ప్రమాదానికే. ఇంకోటి, తాగి చెట్టెక్కి పడితే ప్రమాద బీమాలు పైసా ఇవ్వవు. జీలుగు కల్లు రోజుల్లో ఈ మాట మన బాబాయిలకి చెప్పండి, తిడితే తిట్టనివ్వండి.

20 రూపాయల బీమా చిన్నదే, అయినా వదలొద్దు. అది జూన్ 1 నుంచి మే 31 దాకా నడుస్తుంది. ఖాతాలో సున్నా ఉంటే డబ్బు కట్ అవదు, బీమా ఆగిపోతుంది. మా మావయ్య ఖాతాలో అదే జరిగింది, రెండేళ్లుగా ఎవరం చూడలేదు. ఈసారి ఊరెళ్లినప్పుడు ఇంట్లో అందరి పాస్‌బుక్‌లూ తీసి, మే నెల పేజీలో ఆ 20 రూపాయలు పడ్డాయో లేదో చూడండి.

జై ఆదివాసీ.